బీఈడీకి నాగార్జున యూనివర్సిటీ కాలేజీనా, కృష్ణా యూనివర్సిటీ కాలేజీనా, "రానక్కర్లేదు" అనే కాలేజీనా?

మీ చెల్లి బీఎస్సీ ఎంపీసీ పూర్తి చేసి బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసింది. మీరుండేది మంగళగిరిలో కాబట్టి ఇటు గుంటూరు, అటు విజయవాడ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. వెబ్ ఆప్షన్లలో ముందు నాగార్జున యూనివర్సిటీ కింద ఉన్న గుంటూరు కాలేజీ పెట్టాలా, కృష్ణా యూనివర్సిటీ కింద ఉన్న విజయవాడ కాలేజీ పెట్టాలా అన్నది మీ ప్రశ్న. దాంతోపాటు "ఫీజు కడితే చాలు, క్లాసులకు రానక్కర్లేదు, ఈలోపు అవనిగడ్డలో టీచర్ ఉద్యోగాల కోచింగ్ తీసుకోవచ్చు" అని ఎవరో మూడో దారి కూడా చూపించారు. నేను గుంటూరులో బీఈడీ చేశాను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

యూనివర్సిటీ పేరు గురించి అసలు టెన్షన్ పడకండి. నాగార్జున 1976 నుంచి ఉంది కాబట్టి దానికే విలువెక్కువ అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. కృష్ణా 2008లో వచ్చింది. డీఎస్సీకి, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకానికి, రెండూ ఒకటే. ఎంపికలో డీఎస్సీ పరీక్షకు 80 శాతం, టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) 20 శాతం వెయిటేజీ. బీఈడీలో మీ చెల్లికి ఎంత పర్సంటేజీ వచ్చింది, ఏ కాలేజీలో చదివింది అన్నవాటికి అందులో ఒక్క మార్కు కూడా లేదు.

"అలాంటప్పుడు కాలేజీకి వెళ్లడమెందుకు?" అని వెంటనే అడుగుతారు. ఆ మూడో దారి చూపించినాయన చెప్పేదీ ఇదే. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను, అలా చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు నాకూ తెలుసు. కానీ టీచర్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. రాకుండానే హాజరు వేయడమంటే రిజిస్టర్‌లో అబద్ధం రాయడమే. ఇక అక్కడి నుంచి మీ జుట్టు వాళ్ల చేతిలో ఉంటుంది. రికార్డులకు ఇంత, ప్రాక్టికల్స్‌కు ఇంత, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కివ్వడానికి ఇంత అని మధ్యలో అడుగుతారు. మా బంధువుల అమ్మాయి విషయంలో ఒక కాలేజీ ఇదే చేసింది. ఎడ్‌సెట్ ర్యాంకుతో వచ్చే కన్వీనర్ కోటా సీటు ఫీజు కన్నా ఈ పైఖర్చులే ఎక్కువయ్యాయి.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. రెండేళ్ల బీఈడీలో మొత్తం 20 వారాలు బడిలో గడపాలి, అందులో 16 రెండో ఏడాదే వస్తాయి. నా లెక్కలో బీఈడీ అంటే ఈ 20 వారాలే. సైకాలజీ, ఫిలాసఫీ పేపర్లు ఇంట్లో కూర్చుని చదువుకున్నా వస్తాయి. 8వ తరగతి పిల్లల ముందు నిలబడటం అలా రాదు.

మా బ్యాచ్‌లో ఒకమ్మాయి గుంటూరులోని ఒక మున్సిపల్ హైస్కూల్లో (ఎ + బి) స్క్వేర్ పాఠం చెప్పింది. పెద్ద చదరాన్ని నాలుగు ముక్కలుగా కోసి, రంగు చార్టు మీద అంటించి చక్కటి టీఎల్ఎం (బోధన సామగ్రి) తయారు చేసుకొచ్చింది. వెనక బెంచీలో మా మెథడాలజీ (సబ్జెక్టు ఎలా బోధించాలో నేర్పే పేపర్) మేడమ్ కూర్చున్నారు. "ఈ రెండు దీర్ఘచతురస్రాల వైశాల్యం ఎంత?" అని ఆ అమ్మాయి అడిగింది. పిల్లలు నోరు తెరిచేలోపే "రెండూ కలిపితే 2ఎబి, కదా?" అని తనే చెప్పేసింది. "కదా"కి మాత్రం క్లాసంతా ఒక్కసారిగా "అవును టీచర్" అంది. పీరియడ్ అయ్యాక లెసన్ ప్లాన్ పుస్తకంలో ఎర్ర ఇంకుతో "ప్రశ్న నీదే, జవాబూ నీదే. పిల్లలేం చేశారు?" అని రాసి ఉంది. నేను ఇప్పటికీ బోర్డు దగ్గర ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుని ఆగుతాను. ఆ ఎర్ర ఇంకు నా పుస్తకంలో పడింది కాదు, అయినా పని చేసింది. ఇలా వెనక బెంచీలో కూర్చుని చూసే మనిషి ఏ కాలేజీలో ఉంటే అదే మంచి కాలేజీ.

అందుకని ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి ఒకసారి వెళ్లి, ఆఫీసులో కాకుండా సెకండియర్ వాళ్లను అడగండి. టీచింగ్ ప్రాక్టీస్‌కు ఏ స్కూలుకు పంపారు? మీ పాఠం చూడటానికి లెక్చరర్ ఎన్నిసార్లు వచ్చారు? లెసన్ ప్లాన్లు మీరే రాశారా, సీనియర్ల రికార్డు చూసి దించేశారా? మూడోదానికి నవ్వి ఊరుకుంటే మీకు జవాబు దొరికినట్టే. లెక్కలకు సొంత మెథడాలజీ లెక్చరర్ ఉన్నారో లేదో కూడా కనుక్కోండి. కొన్నిచోట్ల సోషల్ చెప్పే ఆయనే లెక్కలకూ సంతకం పెడతారు. గుంటూరులో ఏఎల్, సెయింట్ జోసెఫ్స్ లాంటి పాత కాలేజీలైనా సరే, పేరు చూసి ఊరుకోకుండా ఇవన్నీ అడగాల్సిందే. కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఐదు నిమిషాల పని.

మెథడాలజీ విషయంలో మీ చెల్లి డిగ్రీకి లెక్కలు, ఫిజికల్ సైన్స్ రెండూ సరిపోతాయి. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) పోస్టుకు అర్హత దాన్నిబట్టే వస్తుంది కాబట్టి ఆ నిర్ణయం కాలేజీ కన్నా ముఖ్యం. తను రోజూ చేసినా విసుగురానిది తీసుకోమనండి. నన్నడిగితే లెక్కలే అంటాను, అది నా పక్షపాతం అనుకోండి. అయితే టెట్ పేపర్ 2ఎలో లెక్కలు, సైన్సు కలిపే ఉంటాయి కనుక రెండోదాన్ని పూర్తిగా వదిలేస్తే కుదరదు.

చిన్నపిల్లలకు చెప్పాలన్నది తన కోరికైతే బీఈడీ వద్దే వద్దు. 1 నుంచి 5 తరగతుల టీచరు పోస్టులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. దానికి డీఎడ్ (చిన్న తరగతుల టీచర్ ట్రైనింగ్) చేయాలి, అంగలూరు డైట్ (ప్రభుత్వ జిల్లా శిక్షణ సంస్థ) లాంటిచోట.

దూరవిద్యలో చేయొచ్చా అని కూడా అడిగారు. ఇగ్నో బీఈడీ అప్పటికే టీచర్ ట్రైనింగ్ ఉన్నవాళ్లకే, డిగ్రీ అవగానే నేరుగా చేరే వీల్లేదు. ఇంటర్ చదువుతున్న మీ తమ్ముడికి కూడా టీచరవ్వాలని ఉందన్నారు కదా, అతను నాలుగేళ్ల ఐటెప్ కోర్సు చూసుకోవచ్చు. డిగ్రీ, బీఈడీ కలిసే వస్తాయి, ఒక ఏడాది మిగులుతుంది. ప్రవేశానికి జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ (ఎన్‌సీఈటీ) రాయాలి.