పనిముట్ల పెట్టె: నల్లగానే ఉండనివ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ తుప్పు వాసన వేస్తున్నాయి. అటక మీద, మెట్ల కింద, పాత పెట్టెల అడుగున ఇన్ని చిత్రికలు, ఉలులు ఉన్నాయని నాకు తెలియదు. పాఠకులకు ముందే ఒక మాట చెప్పాలి. నేను వడ్రంగం చేసే ఇంట పుట్టినవాడిని కాను. నలభై దాటాక రంపం పట్టాను. కింద చెప్పబోయేవాటిలో సగం నేను పాడుచేసి నేర్చుకున్నవే.

ప్రశ్న: మా పెద్దమామయ్య సరదాగా చెక్కపని చేసేవారు. ఆయన పెట్టెలో ఒక ఇనుప చిత్రిక దొరికింది. ఒళ్లంతా ఎర్రటి తుప్పు. బ్లేడు కదలడం లేదు. వెనుక పిడి అడ్డంగా విరిగింది. ముందు భాగాన 'బెయిలీ' అని, బ్లేడు వెనుక 'ఏప్రిల్ 19, 1910' అని పోతలో ఉన్నాయి. ఇది 1910లో తయారైనదేనా? మా అబ్బాయి గ్రైండర్‌కు తీగల బ్రష్షు తగిలించి పది నిమిషాల్లో వెండిలా మెరిపిస్తానంటున్నాడు. చేయనివ్వమంటారా? — ఒక పాఠకురాలు

ముందు అబ్బాయి చేతిలోంచి ఆ గ్రైండర్ తీసుకోండి. మిగతాది తరువాత చదవవచ్చు.

తేదీ సంగతి చిన్నది. అది చిత్రిక పుట్టినరోజు కాదు, పేటెంటు తేదీ. లెనార్డ్ బెయిలీ రూపొందించిన ఈ రకం చిత్రికల పేటెంట్లను పనిముట్లు తయారుచేసే అమెరికా కంపెనీ స్టాన్లీ 1869లో కొన్నది. తరువాత చేసిన మార్పులకు పేటెంటు వచ్చిన తేదీలను ఇనుములోనే పోతపోసేది. మురికి తుడిచి చూడండి. దాని పక్కనే 1902 నాటి మార్చి 25, ఆగస్టు 19 కూడా ఉండవచ్చు. కాబట్టి మీ చిత్రిక 1910 ఏప్రిల్ తరువాతది. ఎంత తరువాత అన్నది ఆ తేదీ ఒక్కటే చెప్పలేదు.

ఇక తుప్పు. తుప్పంతా ఒకటి కాదు. వేలికి అంటుకునే ఎర్రపొడి గుల్లగా ఉంటుంది. గాలిలోని తేమను పట్టి ఉంచుతూ కింది ఇనుమును తింటూనే ఉంటుంది. అది పోవలసిందే. దాని కింద నున్నగా, గట్టిగా, ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండే పొర వేరు. అది ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది, కొంచెం నూనె రాస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. దాన్ని గీకేసి తెల్ల ఇనుము బయటపెడితే మీరు సాధించేది మళ్లీ తుప్పు పట్టడానికి సిద్ధంగా ఉన్న కొత్త చర్మం. తీగల బ్రష్షు ఈ రెండు పొరలకూ తేడా చూడదు. అక్షరాల అంచులను అరగదీస్తుంది, గుంటల్లోని తుప్పును వదిలేసి పైపైన మెరుగు పెడుతుంది. పైగా ఊడిన తీగ ముక్కలు కంటి మీదికి వస్తాయి. చిత్రిక లోపలి వైపు తయారీలోనే వేసిన నల్ల పూత మాట చెప్పనే అక్కర్లేదు, ఒకసారి పోతే అలాంటిది మళ్లీ వేయడం ఇంట్లో అయ్యే పని కాదు.

ముందు విప్పాలి. మరల సందుల్లో కిరోసిన్, పలచని నూనె కలిపి చుక్కలుగా వేసి రెండు రోజులు వదిలేయండి. ఈ రెండు రోజులు ఆగలేకే చాలామంది మరల తలలు చెడగొడతారు. స్క్రూడ్రైవర్ మొన మర గాడి పొడవుకూ మందానికీ సరిగ్గా సరిపోవాలి. సన్నదైతే గాడి అంచులు చితికిపోతాయి. బిగుసుకున్న మరను మొదట వెంట్రుకవాసి బిగించే వైపే తిప్పండి, ఆ తరువాత వదులు చేయండి. అది 'టిక్'మని కదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

బ్లేడును ముందుకూ వెనక్కూ నడిపే ఇత్తడి చక్రం దగ్గర మాత్రం ఆగండి. దానిది ఎడమ మర. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడి వస్తుంది. అలవాటు చొప్పున రెండో వైపు పట్టు పెట్టి తిప్పి, చక్రం ఎక్కే ఇనుప మేకును నేనొకసారి విరగ్గొట్టాను. ఈ చిత్రికల్లో చాలా మరల చుట్లు ఇప్పటి కొలతలకు కలవవు. పోతే పోయినట్టే. అందుకే ఒక డబ్బా మూతలో కాగితం పరిచి, ఏ మర ఎక్కడిదో దాని పక్కనే రాసుకుంటూ విప్పండి. బ్లేడు ఆనే ఏటవాలు దిమ్మను ఇంగ్లీషు పనివాళ్లు 'కప్ప' అంటారు. ఏ వైపు నుంచి చూసినా నాకది కప్పలా కనిపించలేదు.

ఎర్రపొడి తీయడానికి గడ్డం గీసుకునే బ్లేడును దాదాపు అడ్డంగా పడుకోబెట్టి, కిరోసిన్ తడి మీద గీకండి. గుంటల్లో మెత్తని ఇత్తడి బ్రష్షు చాలు. పాత రంగు రాలేచోట పొడిగా గీకకండి, అందులో సీసం ఉండవచ్చు. తడిపి తుడవండి, మూతికి గుడ్డ కాదు, సరైన ముసుగు పెట్టుకోండి. మరలు, పై మూత వంటి చిన్న ముక్కలను వెనిగర్‌లో ముంచవచ్చు. కానీ గంటకోసారి తీసి చూడాలి. అందులో 5 శాతం దాకా ఉండే ఆమ్లం తుప్పుతో ఆగదు, ఇనుమునూ తింటుంది. ఒక మంచి ఉలిని ముంచి, ఊరికి వెళ్లి, నాలుగో రోజు తిరిగి వచ్చాను. తుప్పు పోయింది, దానితో పాటు తయారీదారు ముద్రా పోయింది. ఉలి ఒళ్లంతా గరుకు రాయిలా మారింది. బయటికి తీశాక సోడా ఉప్పు కలిపిన నీళ్లలో కడిగి, వెంటనే పొడిగా తుడిచి, వెచ్చగా ఉండగానే నూనె పట్టించండి. తడిగా వదిలేస్తే కళ్ల ముందే నారింజ రంగు పాకుతుంది.

కరెంటుతో తుప్పు తీసే పద్ధతి గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. బట్టల సోడా నీళ్లు, బ్యాటరీ చార్జర్ పెట్టుకుని చేసేది. పనిచేస్తుంది. కానీ హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. పనిముట్టుకు కట్టని రెండో తీగ కొసకు స్టెయిన్‌లెస్ స్టీలు అస్సలు కట్టకూడదు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. నల్ల పూత ఉన్న ఒంటిని అందులో ముంచితే పూత వదులై పొరలుగా లేస్తుంది. మీ చిత్రికకు అది వద్దు.

విరిగిన పిడికి చెక్క జిగురు సరిపోతుంది. విరిగిన ముఖాల్లో నూనె ఇంకి ఉంటే ముందు స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. ఆ వంపు ఆకారానికి ఏ బిగింపు పరికరమూ కుదరదు. పాత సైకిలు ట్యూబును పొడవుగా కత్తిరించి, లాగి లాగి చుట్టండి. రాత్రంతా వదిలేయండి. అతికించి బిగించాక కూడా పిడి ఊగుతుంటే అతుకుది తప్పు కాదు. చెక్క ఏళ్ల మీద కుంచించుకుపోవడం వల్ల లోపలి పొడవాటి మర అడుగు తగిలి ఆగిపోతోంది. పైన ఒక వాషరు వేస్తే చాలు.

అడుగు భాగాన్ని అద్దంలా చదును చేయాలని పూనుకోకండి. ముందు కొస, బ్లేడు బయటికి వచ్చే నోటి చుట్టుపక్కల, వెనుక కొస, ఈ మూడూ ఒకే మట్టంలో ఆనితే చాలు. మధ్యలో ఎక్కడో ఒక పల్లం ఉంటే ఉండనివ్వండి. మందపాటి గాజు పలక మీద 80 నంబరు గరుకు కాగితం అతికించి, అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి రుద్దితే ఎక్కడ ఆనుతోందో గీతలు చెరిగిపోయి చెబుతాయి. రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి లాగి ఉంచండి, మిగతా బిగింపులన్నీ పనిలో ఉన్నట్టే ఉండాలి. బిగింపు మారితే అడుగు వంపూ కాస్త మారుతుంది.

మీ మామయ్య బొటనవేలు ఆనినచోట పిడి నున్నగా అరిగి ఉంటుంది. దాన్ని మాత్రం గరుకు కాగితంతో రుద్దకండి.

ప్రశ్న: పాత ఉలికి గ్రైండర్ మీద సాన పట్టాను. అంచు నీలం రంగుకు తిరిగింది. బాగానే తెగుతుంది కానీ పది దెబ్బలకే మొద్దుబారుతోంది. ఉక్కు నాసిరకమా? — చెక్కపని కొత్తగా మొదలుపెట్టిన పాఠకుడు

ఉక్కుది ఏ తప్పూ లేదు. మీరే దాన్ని మెత్తబరిచారు. ఉలిని తయారుచేసేటప్పుడు గట్టిపరచిన ఉక్కును 200 డిగ్రీలు, ఆపైన కొంత దాకా మళ్లీ వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. అప్పుడు పైన లేత గడ్డి రంగు పొర వస్తుంది. 300 డిగ్రీల దరిదాపుకు చేరితే నీలం. నీలం కనిపించిందంటే అక్కడ గట్టిదనం చాలావరకు దిగిపోయిందని అర్థం. రంగును రుద్ది చెరిపేస్తే రంగే పోతుంది, గట్టిదనం తిరిగి రాదు.

నీలం ఎంత మేర ఉందో అంతా అరగదీయాలి. ఈసారి చేతి తొడుగులు లేకుండా, వాదర దగ్గరే వేలు ఆనించి పట్టుకోండి. వేలికి వెచ్చగా తగలగానే నీళ్లలో ముంచాలి. వేలు ఓర్చుకున్నంత వేడిని ఉక్కూ ఓర్చుకుంటుంది. చివరి సన్నని అంచును గ్రైండర్ మీద కాదు, సానరాయి మీదే తీయండి. ఏటవాలును 25 డిగ్రీలకు పెట్టి, కొసన మాత్రం 30కి లేపితే రుద్దవలసిన మేర తగ్గుతుంది. ఉలి వెనుక ముఖాన్ని మొత్తం చదును చేయనక్కర్లేదు, వాదర వైపు ఒక అంగుళం చాలు. రుద్దుతుంటే వెనుక వైపు వేలికి సన్నని గరుకు తగలాలి. అది వాదర పొడవునా తగలనిదే ఇంకా నున్నని రాయికి మారకండి. చాలామంది సాన ఇక్కడే చెడుతుంది. ఒక మూల గరుకు తగలగానే అయిపోయిందనుకుంటారు.

గోటి మీద పెట్టి చూడటం, చేతి వెంట్రుకలు గీయడం వద్దు. మెత్తని చెక్క తీసుకుని, నార తెగిన కొస వైపు నుంచి పలచగా ఒక పొర చెక్కండి. నలగకుండా, నిగనిగలాడుతూ వస్తే వాదర సిద్ధం.

ప్రశ్న: చిత్రిక బాగుచేశాను, బ్లేడుకు పదును కూడా బాగా ఉంది. కానీ రెండు మూడు తోపులకే నోరు పొట్టుతో నిండిపోతోంది. — పేరు రాయని పాఠకుడు

బ్లేడును పక్కన పెట్టి, దాని మీద బిగించే రెండో రేకును చూడండి. ఆ రెండింటినీ బిగించి దీపానికి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో వెలుగు కనిపిస్తే పొట్టు ఆ సందులోనే ఇరుక్కుంటోంది. రేకు కొసను సానరాయి మీద రుద్దండి, వెనుక వైపు కాస్త కిందికి వాలి ఉండేలా పట్టుకోవాలి. అప్పుడు కొస గీతలా ఆనుతుంది. మామూలు చెక్కకు రేకు వాదర నుంచి ఒక మిల్లీమీటరు వెనుక ఉంటే చాలు. నార అటూ ఇటూ తిరిగిన మొండి చెక్కకు అర మిల్లీమీటరు కన్నా దగ్గరికి తేవాలి.

ప్రశ్న: కర్ర చిత్రిక ఒకటి ఉంది. బ్లేడును పట్టి ఉంచే చీల బిగుసుకుపోయింది, ఎంత కొట్టినా రాదు. ఒంటి మీద చిన్న పగుళ్లు. నూనె తొట్టిలో వారం ముంచమంటున్నారు. — ఒక పాఠకుడు

చీలను కొట్టకండి. చిత్రికను గాలిలో పట్టుకుని, దాని వెనుక కొస మీద చెక్క సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వేయండి. పొడవాటి చిత్రికైతే పైన ముందు భాగాన కొట్టాలి. చీల దానంతట అదే వదులవుతుంది. ఇనుప సుత్తి వద్దు.

నూనె తొట్టి నాకు నచ్చదు. కొసల నుంచి నూనె లోతుకు ఇంకి, చిత్రిక బరువెక్కుతుంది, నెలల తరబడి జిడ్డు ఊరుతుంది. అవిసె నూనె పలచగా ఒక చేయి పూసి, పావుగంటకు మిగిలింది తుడిచేయండి. ఆ తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, నలిపి పెట్టిన గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల డబ్బాలో వేయండి. నోటి దాకా చేరని సన్న పగుళ్ల జోలికి పోకండి. కర్ర మీరనుకున్నంత బలహీనమైనది కాదు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో వడ్రంగుల చిత్రికలు దొరికాయి. ఆ నౌకలోని పనిముట్లలో చాలావాటికి ఇనుము కరిగిపోయి, కర్రే మిగిలింది.

ప్రశ్న: పని మధ్యలో చిత్రికను పక్కకు పడుకోబెట్టాలా, నిటారుగా పెట్టాలా? ఇంట్లో గొడవగా ఉంది. — తండ్రీకొడుకులు

నాకు నేర్పిన ఆయన పక్కకే పడుకోబెట్టమనేవారు, లేకపోతే చేతి మీద ఒకటి వేసేవారు. నేను నిటారుగానే పెడతాను. చెక్క బల్ల వాదరను ఏమీ చేయదు, బల్ల మీద మేకులూ ఇసుకా లేకపోతే చాలు. పక్కకు పెడితే వాదర బయటికి చూస్తూ, పక్కనున్న ఉలికి తగిలి దెబ్బతింటుంది, లేదా నా చేయి కోస్తుంది. ఆయన గదిలోకి వచ్చినప్పుడు మాత్రం చప్పుడు కాకుండా పక్కకు తిప్పేవాణ్ణి.