మూడు క్యాంపుల నుంచి పిలుపు వచ్చింది, మా అమ్మాయి దేనిలో చేరితే మంచిది?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అమ్మాయికి 19 ఏళ్లు, కాలేజీలో రెండో సంవత్సరం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్ కావాలని తన కోరిక. ఈ వేసవిలో కౌన్సెలర్‌గా రమ్మని మూడు క్యాంపులు పిలిచాయి. మొదటిది పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో ఉన్న ఓవర్‌నైట్ క్యాంపు. బస, భోజనం వాళ్లే పెట్టి, తొమ్మిది వారాలకు మొత్తం 3,150 డాలర్లు ఇస్తారు. అందులో 350 డాలర్లు సీజన్ చివరిదాకా ఉంటేనే వస్తాయి. రెండోది మా ఇంటికి 22 మైళ్ల దూరంలోని డే క్యాంపు. గంటకు 16 డాలర్లు, వారానికి 35 గంటలు, ఎనిమిది వారాలు. మూడోది ఒక యూనివర్సిటీ ఆవరణలో జరిగే రోబోటిక్స్ క్యాంపు. ఆరు వారాలకు 4,500 డాలర్లు ఇస్తారు కానీ 1099 అనే పన్ను ఫారం మీద. అక్కడ మా చెల్లెలి ఇంట్లో ఉండొచ్చు. ఆగస్టులో అపార్ట్‌మెంట్ అడ్వాన్సుకు, మొదటి నెల అద్దెకు తన వాటాగా 2,000 డాలర్లు తనే కట్టుకుంటానంటోంది. క్రితం వేసవిలో ఇంటి పక్కనే ఒక దుకాణంలో పనిచేసి 3,900 డాలర్లు ఇంటికి తెచ్చుకుంది, సెలవులు ముగిసేసరికి 1,200 మిగిలాయి. ఏ క్యాంపు ఎంచుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన వాక్యం చివరి ప్రశ్నకు ముందున్నది. క్యాంపుల జీతాల గురించి మీరు రాసిన అంకెలు మూడు సంస్థలు ఇచ్చిన మాటలు మాత్రమే, కానీ 3,900 వచ్చి 1,200 మిగలడం మీ అమ్మాయి వేసవి నిజంగా ఎలా గడుస్తుందో చెప్పే లెక్క. పది వారాల సెలవుల్లో 2,700 డాలర్లు, అంటే వారానికి 270 డాలర్లు ఖర్చయ్యాయి. పందొమ్మిదేళ్ల పిల్ల ఇంటి దగ్గర ఉండి, స్నేహితులతో తిరిగి, బయట తిని ఆ మాత్రం ఖర్చు పెట్టడంలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే మూడు క్యాంపులనూ పోల్చేటప్పుడు ఈ 270ని పక్కన పెట్టుకునే పోల్చాలి. నా సలహా ముందే చెబుతాను: పోకనోస్ క్యాంపు ఎంచుకోండి, అయితే ఒక షరతు మీద. ఆ షరతు ఏమిటో చివర్లో వివరిస్తాను.

ముందు పన్నుల సంగతి తేల్చుకుందాం. ఇక్కడ చెప్పే పన్ను అంకెలన్నీ 2025 సంవత్సరానివి, వాటిలో కొన్ని ఏటా కొద్దిగా మారుతుంటాయి. మీ అమ్మాయి మీ పన్ను పత్రంలో డిపెండెంట్‌గా, అంటే మీ పోషణలో ఉన్న వ్యక్తిగా, ఉన్నా, ఉద్యోగం మీద వచ్చే ఆదాయానికి 15,750 డాలర్ల వరకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే మొత్తం) వర్తిస్తుంది కనుక ఏ క్యాంపులో చేరినా ఫెడరల్ ఆదాయపు పన్ను పడదు. క్రితం ఏడాది కూడా పన్ను పడలేదు కాబట్టి ఉద్యోగంలో చేరేటప్పుడు యజమానికి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో మినహాయింపు కోరవచ్చు. అప్పుడు జీతంలోంచి ఆ పన్ను పట్టుకోవడం, తర్వాతి ఏడాది దాన్ని వాపసు అడగడం అనే తిప్పలు ఉండవు. ఏడాది మొత్తం ఆదాయం 10,000 డాలర్లు దాటకపోతే న్యూజెర్సీ రాష్ట్ర పన్నూ ఉండదు. పెన్సిల్వేనియాలో మాత్రం జాగ్రత్త పడాలి. ఆ రాష్ట్రం మొదటి డాలరు నుంచే 3.07 శాతం పట్టుకుంటుంది. కానీ న్యూజెర్సీకీ పెన్సిల్వేనియాకూ మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం ఒక రాష్ట్రంలో నివాసముండి రెండో రాష్ట్రంలో జీతానికి పనిచేసేవారు నివాసమున్న రాష్ట్రానికే పన్ను కట్టాలి. దీనికోసం చేరిన రోజే ఆర్ఈవీ-419 అనే ఫారం క్యాంపు ఆఫీసులో ఇస్తే సరిపోతుంది. వేసవిలో సంపాదించినందువల్ల ఆమె మీ డిపెండెంట్ కాకుండా పోతుందేమోనన్న భయం కూడా అక్కర్లేదు. 24 ఏళ్లలోపు పూర్తికాలపు విద్యార్థి విషయంలో ఎంత సంపాదించిందన్నది కాక, తన పోషణలో సగానికి మించి తానే భరించిందా అన్నదే చూస్తారు.

తప్పించుకోలేనిది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే ప్రభుత్వ పింఛను, వైద్య పథకాల కోసం పట్టే కోత. మామూలు ఉద్యోగికి ఇది 7.65 శాతం. మూడో క్యాంపు విషయంలో చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. 1099 మీద చెల్లించడమంటే మీ అమ్మాయిని ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్‌గా లెక్కిస్తున్నారన్నమాట. అప్పుడు యజమాని కట్టవలసిన వాటా కూడా ఆమె మీదే పడుతుంది. 4,500 డాలర్లలో 92.35 శాతం మీద 15.3 శాతం చొప్పున దాదాపు 636 డాలర్లు అవుతుంది. ఇది జీతంలో కోతగా కనిపించదు. ఆగస్టులో ఉన్న డబ్బంతా ఖర్చయిపోయాక, మరుసటి ఏప్రిల్‌లో కట్టాల్సిన బాకీగా ఎదురవుతుంది. అసలు ప్రశ్న ఇంకొకటుంది. ఎన్ని గంటలకు రావాలో, ఏ పిల్లల బృందాన్ని చూడాలో, ఏ పాఠం ఏ వరుసలో చెప్పాలో అన్నీ క్యాంపే నిర్ణయించేటప్పుడు ఆ పని చేసేవారిని కాంట్రాక్టర్ అనడం ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ నియమాల ముందు నిలబడటం కష్టం. తేల్చమని అడగడానికి ఎస్ఎస్-8 అనే ఫారం ఉంది, కానీ ఆరు వారాల ఉద్యోగం కోసం పందొమ్మిదేళ్ల పిల్ల ఆ తగాదాలోకి దిగాలని నేను కోరుకోను. పన్నుకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. కాంట్రాక్టర్‌గా చేరినవారికి పనిలో దెబ్బ తగిలితే సాధారణంగా వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా వర్తించదు. పిల్లల వెంట రోజంతా పరుగెత్తే పనిలో ఆ రక్షణను వదులుకోవడం నాకు ఏ లెక్కలోనూ సమంజసంగా తోచదు.

ఇక చేతిలో మిగిలే మొత్తం చూద్దాం. రోబోటిక్స్ క్యాంపులో 4,500 నుంచి 636 పోతే 3,864 ఉంటుంది. మీ చెల్లెలు అద్దె అడగరు సరే, కానీ సెలవులు పది వారాలు. ఖర్చులు క్రితం వేసవిలాగే సాగితే 2,700 పోయి 1,164 డాలర్లే మిగులుతాయి.

డే క్యాంపులో మొత్తం జీతం 4,480, కోత పోగా 4,137. రోజుకు రానూపోనూ 44 మైళ్ల చొప్పున 40 రోజులకు 1,760 మైళ్లు కారు నడపాలి. ఇంధనం, అరుగుదల, బీమా అన్నీ కలిపి ఐఆర్ఎస్ 2025లో వ్యాపార ప్రయాణాలకు అనుమతించిన రేటు మైలుకు 70 సెంట్లు. ఇంటినుంచి పనికి వెళ్లే ప్రయాణానికి పన్ను మినహాయింపు లేకపోయినా, నిజమైన ఖర్చు తెలుసుకోవడానికి ఆ కొలత పనికొస్తుంది. ఆ లెక్కన 1,232 డాలర్లు. కారు మీది కాబట్టి ఇందులో పెద్ద భాగం మీ అమ్మాయికి కనబడకుండా మీ మీద పడుతుంది. ఆమె ఈసారి తన ఖర్చును సగానికి తగ్గించుకున్నా మిగిలేది 1,555 డాలర్లు. వేసవంతా ఒక్క డాలరు కూడా ముట్టుకోకపోతేనే 2,905 అవుతుంది.

పోకనోస్‌లో 3,150 నుంచి కోత పోగా 2,909 వస్తుంది. యజమాని తన అవసరం కోసం, పని జరిగే చోటే, ఉద్యోగ షరతుగా ఇచ్చే బస, భోజనాల విలువను ఆదాయంగా లెక్కించరు కనుక వాటి మీద ఏ పన్నూ లేదు. వానకోటు, టార్చిలైటు, మంచి బూట్లు వంటివాటికి 150, ప్రయాణానికి 80, వారానికోసారి వచ్చే సెలవు రోజున బయటికి వెళ్తే 35 చొప్పున ఎనిమిది రోజులకు 280 అనుకుందాం. ఇంటి దగ్గర గడిపే మిగిలిన ఒక్క వారానికి మామూలు 270 కూడా తీసేద్దాం. అన్నీ పోయాక దాదాపు 2,130 డాలర్లు ఉంటాయి. ఆమెకు కావలసింది 2,000. మూడు క్యాంపుల్లోకి కాగితం మీద అతి తక్కువ జీతం ఇచ్చేదే ఆ అవసరం తీర్చగలగడానికి కారణం, అక్కడ పెద్దగా ఖర్చు పెట్టే అవకాశం లేకపోవడం.

అలాగని ఆ జీతం ఎక్కువని నేను అనడం లేదు. ఓవర్‌నైట్ క్యాంపులో వారానికి ఆరు రోజులు, పొద్దున్న పిల్లలను లేపడం మొదలుకొని రాత్రి దీపాలార్పేదాకా సుమారు పద్నాలుగు గంటలు పని ఉంటుంది. గంటకు లెక్క కడితే దాదాపు నాలుగు డాలర్లు. ఇది చట్టవిరుద్ధం కదా అని మీకు అనిపించవచ్చు. 2009 నుంచి ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లే అయినా, ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద సంస్థలకూ క్యాంపులకూ ఆ చట్టం నుంచి, ఓవర్‌టైమ్ నియమం నుంచి కూడా మినహాయింపు ఉంది. సీజన్‌కు ఇంత అని ఏకమొత్తంగా జీతం చెప్పే ఆనవాయితీకి అదే ఆధారం. అందువల్ల మీ అమ్మాయి ఈ పని ఎంత కఠినమో తెలిసి, ఇష్టపడి వెళ్లాలి. మీరు ఒప్పించడం వల్లో, నేను చెప్పడం వల్లో వెళ్లకూడదు. టీచర్ కావాలనుకునే అమ్మాయికి తొమ్మిది వారాలు రాత్రింబగళ్లు పిల్లల మధ్య ఉండటం, ఇంటిమీద బెంగతో ఏడ్చే ఎనిమిదేళ్ల పిల్లను పడుకోబెట్టడం, ఆ తర్వాత క్యాంపు డైరెక్టర్ రాసే సిఫారసు ఉత్తరం ఎంతో విలువైనవని నా నమ్మకం. ఆ క్యాంపులో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చేరతారా, వారిని చూసుకునే కౌన్సెలర్లకు విడిగా శిక్షణ ఉందా అని ఆమె తప్పక అడగాలి. ఉందని జవాబు వస్తే, జీతంలో కొన్ని వందల తేడాను నేను పట్టించుకోను.

క్యాంపు ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఒక కౌన్సెలర్‌కు ఎంతమంది పిల్లలో అడగండి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం ఓవర్‌నైట్ క్యాంపుల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలైతే ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్లవారైతే ఎనిమిది మందికి ఒకరు ఉండాలి. ఆ సంస్థ గుర్తింపు క్యాంపుకు ఉందా, క్రితం ఏడాది కౌన్సెలర్లలో ఎంతమంది తిరిగి వస్తున్నారు అన్నవి కూడా అడగదగ్గ ప్రశ్నలే. మంచి డైరెక్టర్ వీటికి తడుముకోకుండా జవాబిస్తారు.

మీ ఆరోగ్య బీమా సంగతి మీరే చూడాలి. 26 ఏళ్లు వచ్చేదాకా ఆమె మీ ప్లాన్‌లో ఉండవచ్చు, కానీ మీది హెచ్ఎంఓ (తన నెట్‌వర్క్‌లోని వైద్యులకే చెల్లించే ప్లాన్) అయితే పెన్సిల్వేనియాలో అత్యవసర చికిత్స తప్ప మిగతావాటికి చెల్లించకపోవచ్చు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే విషయమిది. పిల్లలతో పనిచేసేవారు ఆ రాష్ట్రంలో ఇవ్వవలసిన వేలిముద్రల తనిఖీ, ఇతర ధ్రువపత్రాల రుసుము, లైఫ్‌గార్డ్ శిక్షణ ఏదైనా అవసరమైతే దాని ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అడగండి.

డబ్బు చేతికందే తేదీలు కూడా ముఖ్యమే. జూలై మధ్యలో ఒకసారి, సీజన్ చివర ఒకసారి చెల్లించే పద్ధతైతే, బోనస్ పోను ఉన్న 2,800లో సగం, అంటే కోత పోగా సుమారు 1,290 డాలర్లే ఆగస్టు మొదటి తేదీకి ఆమె ఖాతాలో ఉంటుంది. అపార్ట్‌మెంట్ డబ్బు అప్పటికే కట్టాల్సి వస్తే తక్కువైన 700 పైచిలుకు డాలర్లు మీరు సర్ది, క్యాంపు ముగిశాక తిరిగి తీసుకోండి. తనే కట్టుకుంటానన్న పిల్ల మాట నిలబడాలి కనుక తిరిగి తీసుకోవడం మానకండి. పిల్లల తల్లిదండ్రులు చివరి రోజున ఇచ్చే బహుమానపు డబ్బును ఈ లెక్కలో కలపవద్దు. కొన్ని క్యాంపులు దాన్ని అసలు అనుమతించవు. ఒకవేళ వస్తే, అది కూడా పత్రంలో చూపవలసిన ఆదాయమే. అవసరం తీరాక మిగిలిన 100 డాలర్లయినా సరే రాత్ ఐఆర్ఏ అనే పదవీవిరమణ పొదుపు ఖాతాలో వేయించండి. అందులో జమచేసిన అసలును ఎప్పుడైనా పన్ను లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. పైగా కాలేజీ ఆర్థిక సహాయం కోసం పెట్టే ఫాఫ్సా దరఖాస్తులో విద్యార్థి బ్యాంకు ఖాతాలోని సొమ్మును 20 శాతం చొప్పున లెక్కలోకి తీసుకుంటారు కానీ, ఈ ఖాతాను ఆస్తిగా చూడరు.

ఇప్పుడు షరతు చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో అబ్బాయి ఇలాంటి క్యాంపులోనే చేరి, ఏడో వారంలో ఫుట్‌బాల్ ఆడిస్తూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. వైద్య ఖర్చు బీమా నుంచి వచ్చింది. కానీ ఒప్పందంలో "సీజన్ పూర్తి చేయని పక్షంలో, కారణమేదైనా" అన్న మాటలుండటం వల్ల బోనస్‌తోపాటు చివరి విడతగా ఇస్తామన్న ప్రయాణ ఖర్చులు కూడా రాలేదు. ఆ కాగితం నేను చదివింది ఆగస్టులో, అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు. మీరు మాత్రం సంతకానికి ముందే ఆ ఒప్పందం తెప్పించుకుని చదవండి. పనిలో దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, క్యాంపే సీజన్‌ను ముందుగా ముగించినా అప్పటివరకు పనిచేసిన రోజుల జీతం పూర్తిగా వస్తుందా, 350 డాలర్లలో పనిచేసిన వారాల వాటా ఇస్తారా అని మీ అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి. సమాధానం కూడా ఈమెయిల్‌లోనే రావాలి. పనిచేసిన రోజుల జీతం విషయంలో స్పష్టమైన హామీ వస్తే పోకనోస్‌కు సంతకం పెట్టవచ్చు. ఫోన్‌లో నోటిమాటగా తప్ప రాసి ఇవ్వలేమంటే డే క్యాంపులో చేరమనండి. అప్పుడు ప్రతి జీతంలోంచి సగం ఆమె ముట్టుకోని వేరే ఖాతాలోకి నేరుగా వెళ్లేలా మొదటి రోజే ఏర్పాటు చేయించండి.