పాలిప్ బయాప్సీ రిపోర్టు డాక్టరు కన్నా ముందు మీకే అందితే

విశాఖ ఎం.వి.పి. కాలనీలో అన్నయ్య ఇంట్లో ఉండగా, శుక్రవారం అర్ధరాత్రి దాటి శనివారం ఒంటిగంటన్నరకు నా ఫోనులో బయాప్సీ (తీసిన ముక్కను ల్యాబ్‌లో చూసే పరీక్ష) రిపోర్టు ప్రత్యక్షమైంది. అమెరికాలో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేసినప్పుడు తీసిన పాలిప్‌ది (పేగు లోపలి గోడపై పెరిగే చిన్న కండది) అది. అమెరికా తూర్పు తీరంలో అప్పుడు శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలు. ‘ట్యూబులార్ అడినోమా, లో గ్రేడ్ డిస్‌ప్లేసియా’ అన్న మాటలు చదివి, అక్కడ సోమవారం ఉదయం ఎనిమిదికి ఆఫీసు తెరిచేదాకా, అంటే మన లెక్కన సాయంత్రం అయిదున్నర దాకా, సరిగ్గా నిద్రపోలేదు. “డాక్టరు చెప్పకుండానే రిపోర్టు నీకెలా ఇచ్చేశారురా?” అని అన్నయ్య అడిగాడు.

మన ఊళ్లో రిపోర్టు ఇంట్లోవాళ్లు తెచ్చి డాక్టరుకు చూపిస్తారు. రోగి చెవిన పడేది చాలాసార్లు అందులో సగమే. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం ఫలితాన్ని అకారణంగా ఆపకూడదు కాబట్టి, పాథాలజిస్టు (ముక్కను పరీక్షించే ల్యాబ్ డాక్టరు) ఖరారు చేయగానే అది మీ పోర్టల్‌లోకి, అంటే ఆసుపత్రి వెబ్‌సైటులోని మీ ఖాతాలోకి, వచ్చేస్తుంది. పాలిప్ తీశాక ఇందుకు సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆలస్యం చెడుకు సంకేతం కాదు.

నన్ను భయపెట్టిన డిస్‌ప్లేసియా (కణాల తీరులో మార్పు) అన్న మాట నిజానికి కొత్త సంగతేమీ చెప్పదు: కణాల తీరు కొంత మారితేనే పాలిప్‌ను అడినోమా అంటారు కనుక, ప్రతి అడినోమాలోనూ కనీసం లో గ్రేడ్, అంటే తక్కువ స్థాయి, డిస్‌ప్లేసియా ఉంటుంది. అది క్యాన్సరు కాదు; వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సరుగా మారే అవకాశం ఉన్నందునే తీసేస్తారు. పెద్దపేగు చివరి భాగంలోని చిన్న హైపర్‌ప్లాస్టిక్ పాలిప్‌లతో (అడినోమా కాని మామూలు రకంతో) దాదాపు చింతే లేదు. హై గ్రేడ్ (మార్పు ఎక్కువ స్థాయిలో), విల్లస్ (వేళ్లలాంటి అమరిక), సెసైల్ సెర్రేటెడ్ (రంపపు పళ్లలాంటి అమరికతో చదునుగా ఉండేది) అన్న మాటలుంటే తదుపరి పరీక్ష గురించి వివరంగా అడగాలి. ‘అడినోకార్సినోమా’ (క్యాన్సరు) అని ఉంటే మాత్రం డాక్టరు ఉత్తరం కోసం ఎదురుచూడక మీరే ఫోను చేయండి.

చాలామంది పొరపడేది ఇంకొకచోట. మళ్లీ పరీక్ష ఎప్పుడన్నది బయాప్సీ కాగితం ఒక్కదానితో తేలదు. పాలిప్‌లు ఎన్ని, ఎంత పెద్దవి అన్నది కొలనోస్కోపీ రిపోర్టులో ఉంటుంది, ల్యాబ్ రాసే కొలత సీసాలోకి వచ్చిన ముక్కలది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 2020 నాటి అమెరికన్ సిఫారసుల ప్రకారం, పేగు శుభ్రంగా ఉండి పరీక్ష పూర్తయినవారిలో 10 మిల్లీమీటర్ల లోపు ట్యూబులార్ (గొట్టాల్లాంటి అమరిక ఉన్న) అడినోమాలు ఒకటి రెండుంటే 7 నుంచి 10 ఏళ్లకు, మూడు నాలుగుంటే 3 నుంచి 5 ఏళ్లకు, 10 మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ ఉన్నా, విల్లస్ లేదా హై గ్రేడ్ అయినా 3 ఏళ్లకు మళ్లీ చూస్తారు. ఆ తదుపరి పరీక్షను బీమా సంస్థ ఉచిత స్క్రీనింగ్‌గా లెక్కించకపోవచ్చు, ముందే అడగండి.

పాలిప్ తీశాక రెండు వారాల వరకు రక్తస్రావానికి అవకాశం ఉంటుంది. పది రోజులు కూడా కాకుండా డాక్టరును అడగకుండా విమానం ఎక్కడం నా తెలివితక్కువతనం.

ఇంటికి ఫోను చేసినప్పుడు ఇంకొకటి కనుక్కోండి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు వచ్చి ఉంటే, మీ పరీక్ష మామూలుగా మొదలయ్యే 45వ ఏట కాక 40కే, లేదా వారికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు మొదలవ్వాలి. పెద్దలు ‘పేగులో పుండు’ అని ముగించిన జబ్బు అసలేమిటో, అది ఏ వయసులో బయటపడిందో అడిగి రాసుకోండి.