హుండీ మీద ఏం రాయాలి?

ప్రశ్న: మా బడి పక్కన మేధో వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక పాఠశాల ఉంది. అందులో ఆరుగురు స్పెషల్ ఒలింపిక్స్ రాష్ట్రస్థాయి పోటీలకు సిద్ధమవుతున్నారు. వాళ్ల కోసం వార్షికోత్సవంలో తినుబండారాల దుకాణం పెట్టి డబ్బు పోగుచేయాలనుకుంటున్నాం. హుండీ మీద వాళ్ల ఫొటో వేసి ‘పాపం, ఈ చిన్నారులను ఆదుకోండి’ అని రాస్తే ఎక్కువ వస్తుందని కొందరంటున్నారు. అలా చేయవచ్చా? ఆ డబ్బుతో ఏం కొనాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: వద్దు తల్లీ, ఆ ‘పాపం’ అనే మాట రాయవద్దు. ఇరవై రెండేళ్లు అలాంటి బడిలో ఆటలు నేర్పినదాన్ని. ఎండలో చెమటోడ్చి సాధన చేసే పిల్లలు తమ ఫొటో కింద ఆ మాట చూస్తే ఎంత చిన్నబోతారో నాకు తెలుసు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తిని గుర్తు చేసుకో. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగంలో పరుగెత్తి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లకు కాంస్యం తెచ్చింది. ‘మన ఊరి క్రీడాకారులు పోటీలకు వెళ్తున్నారు’ అని రాయండి, చాలు. ఫొటో వేయాలంటే వాళ్లనూ, తల్లిదండ్రులనూ అడిగాకే వేయాలి.

ఇక కొనే సంగతి. ఒకసారి దాతలెవరో మా బడికి పది జతల బూట్లు పంపారు, అన్నీ ఒకే కొలత. సరిపోయినవి మూడు జతలు. అందులో ఒక జత వేసుకున్న పిల్లవాడికి లేసు కట్టుకోవడం రాదు. పరుగు మధ్యలో ముడి ఊడితే ఆగిపోయి, కాలు ముందుకు చాపి, నేను వెళ్లి కట్టేదాకా కదిలేవాడు కాదు. అంటించుకునే పట్టీ ఉన్న బూట్లు కొన్నాక ఒక్కసారీ ఆగలేదు. అందుకే ముందు వెళ్లి కొలత తీసుకోండి. పాత దినపత్రిక మీద పాదం పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీయాలి. కొందరు చక్కిలిగింతలకు నవ్వుతూ కాలు లాగేసుకుంటారు, మళ్లీ గీయండి.

బూట్ల కన్నా ముందు అడగవలసింది ఆటో కిరాయి గురించి. సాయంత్రం సాధనకు పిల్లవాడిని తీసుకురావాలంటే చాలామంది తల్లులు కూలి పని మానుకోవాలి. సాధన మానేసిన మా పిల్లల్లో ఎక్కువమంది ఆట రాక మానలేదు, ఈ ఇబ్బంది వల్లే మానారు. నెల రోజుల కిరాయి మీరు భరిస్తే అంతకు మించిన సాయం లేదు. వచ్చినదీ ఖర్చయినదీ బడి బోర్డు మీద అందరికీ కనిపించేలా రాయండి.

ఇంకొకటి, డబ్బిచ్చి వచ్చేయకండి. మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడే ‘యూనిఫైడ్’ పోటీలు స్పెషల్ ఒలింపిక్స్‌లోనే ఉన్నాయి. బోచీ ఆటతో మొదలుపెట్టండి. ముందు ఒక చిన్న బంతిని వేసి, జట్టుకు నాలుగు చొప్పున పెద్ద బంతులను దాని దగ్గరకు దొర్లించాలి. గోళీలాడినవాళ్లకు గురి పావుగంటలో కుదురుతుంది. మా పిల్లలు మాత్రం నన్ను చాలాసార్లు ఓడించారు, మిమ్మల్నీ ఓడిస్తారు.

దుకాణంలోనూ ఆ ఆరుగురికీ చోటివ్వండి. పొట్లాలు కట్టడం, డబ్బు తీసుకోవడం, ఎవరికి ఏది ఇష్టమైతే అది. వార్షికోత్సవం దాకా ఆగకుండా ఈ వారమే వెళ్లు తల్లీ. ఆరు కాగితాలు, ఒక పెన్సిలు వెంట ఉంచుకో.