దాణా పెరిగితే గుర్రానికి పేగులు ఎందుకు పాడవుతాయి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గరి పల్లె. మాలేగావ్ ఖండోబా జాతరలో కొన్న గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులకు తీసుకెళ్తుంటాం. బరువు సుమారు 300 కిలోలు. బలం కోసమని రోజూ సాయంత్రం ఒకేసారి 2 కిలోల జొన్నలు, కిలో శనగలు పెడుతున్నాం. పదిహేను రోజులుగా లద్దె పలచగా, పుల్లటి వాసనతో వస్తోంది. బర్రెకు తెచ్చిన యాంటిబయాటిక్ బిళ్లలు ఇంట్లో ఉన్నాయి, వేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ బిళ్లలు వేయకండి. బర్రె మేతను ముందుగా పొట్టలోనే పులియబెట్టుకుంటుంది. గుర్రానికి ఆ పని చివర్లో, అంధనాళం అనే పెద్ద సంచిలోనూ దాని తరువాతి పెద్దపేగులోనూ జరుగుతుంది. అంధనాళం ఒక్కటే సుమారు 30 లీటర్లు పడుతుంది. అక్కడ నివసించే కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి, గుర్రానికి కావలసిన శక్తిలో సగానికి పైగా వాటి నుంచే రాగలదు. లింకోమైసిన్ వంటి కొన్ని మందులు నోటి ద్వారా ఇస్తే ఈ జీవులు నశించి, ప్రాణం తీసే పేగువాపు రావచ్చు.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా మొదటి అనుమానం జొన్నల మీదే. పిండిపదార్థం చిన్నపేగులోనే అరగాలి; కిలో శరీర బరువుకు, ఒక పూటకు, 1 గ్రాము పిండిపదార్థం మించకపోవడం క్షేమం. అంటే మీ గుర్రానికి పూటకు 300 గ్రాముల పిండిపదార్థం. 2 కిలోల జొన్నల్లోనే దానికి నాలుగింతలకు పైగా ఉంటుంది. అరగని భాగం అంధనాళంలోకి చేరినప్పుడు లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా విజృంభిస్తుంది, ఆమ్లత పెరిగి పీచును అరిగించే జీవులు చనిపోతాయి, వాటి నుంచి వెలువడే విషాలు రక్తంలో కలిస్తే గిట్టల లోపలి పొరలు వాచి గుర్రం శాశ్వతంగా కుంటిది కావచ్చు.

అందువల్ల ఈ రోజు నుంచే గింజలు ఆపి, అది ఇప్పటికే తింటున్న ఎండుగడ్డినే రోజుకు 5 నుంచి 6 కిలోలు, కొద్దికొద్దిగా రోజంతా అందేలా పెట్టండి. జొన్నచొప్ప ఇస్తే బాగా నరికి, నీళ్లు పుష్కలంగా ఉంచండి. లేత పచ్చి జొన్న మాత్రం వద్దు. లద్దె గట్టిపడ్డాక గింజలు అవసరమనిపిస్తే, పది పద్నాలుగు రోజులు తీసుకుని, పూటకు 400 గ్రాములు దాటకుండా పెంచండి. కోళ్ల దాణా ఎన్నడూ పెట్టకండి. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

ఊరేగింపు రాత్రుల్లో బ్యాండు మేళం మధ్య గుర్రాలను గంటల తరబడి గడ్డి లేకుండా నిలబెట్టడం చూస్తుంటే బాధ కలుగుతుంది. గుర్రం పొట్టలో ఆమ్లం ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది కనుక, బయలుదేరే ముందు గడ్డి తినిపించండి, మధ్యలో నీళ్లు తాగించండి.

పదిహేను రోజుల విరేచనాలకు నులిపురుగులు కూడా కారణం కావచ్చు. తాజా లద్దెను శుభ్రమైన డబ్బాలో పెట్టి, తాలూకా పశువైద్యశాలలో ఈ వారమే పరీక్ష చేయించండి. గుర్రం పక్కల వైపు తిరిగి చూసుకుంటూ, నేలను కాలితో గీరుతూ, పొర్లుతూ ఉన్నా, లద్దె పూర్తిగా ఆగిపోయినా, గిట్టలు వేడెక్కి అడుగు వేయలేకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా వైద్యుణ్ణి పిలిపించండి; గుర్రం వాంతి చేసుకోలేదు, పొట్ట ఉబ్బితే పగిలిపోయే ప్రమాదం ఉంది.