మేజీ జింగూలో మొక్కే పద్ధతి

ప్రశ్న: మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల వెళ్తున్నాం. అక్కడి మేజీ జింగూ ఏ దేవుడి గుడి? లోపల ఎలా మొక్కాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అది జపాన్ సొంత మతమైన షింటో ఆలయమండి, బౌద్ధులది కాదు. 1912లో కాలం చేసిన మేజీ చక్రవర్తి, ఆయన భార్య షోకెన్ అక్కడి దేవతలు. 1920లో కట్టారు. 1945 బాంబుదాడుల్లో కాలిపోతే 1958లో మళ్లీ నిలబెట్టారు. విగ్రహం కనిపించలేదని వెలితి పడకండి. మన మేడారంలో సమ్మక్క కుంకుమభరిణె రూపంలోనే కదా గద్దెకొచ్చేది!

చుట్టూ ఉన్న 70 హెక్టార్ల అడవి తీరిగ్గా చూడండి. జనం దేశం నలుమూలల నుంచి పంపిన దాదాపు లక్ష చెట్లతో పెంచిన అడవి అది. అప్పటి ప్రధాని ఓకుమా సుగి (జపాన్ దేవదారు) చెట్లే కావాలన్నాడు. ఆ నేలకు, నగరపు పొగకు అవి నిలవవని హోండా సెయిరోకు వంటి అటవీ నిపుణులు వాదించి, ఓక్, కర్పూరం లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లు పెట్టించారు. బాట మీద రాలిన ఆకును ఇప్పటికీ పారేయరు. ఊడ్చి మళ్లీ చెట్ల మొదట్లోనే పోస్తారు.

తోరణం లాంటి పెద్ద చెక్క ద్వారాన్ని తోరీ అంటారు. దాని ముందు కాస్త తల వంచి, బాటకు ఓ పక్కగా నడవండి. నడుమ దారి దేవతలది. నీళ్లతొట్టి దగ్గర కుడిచేత్తో గరిటెడు ముంచి ఎడమచెయ్యి కడగాలి, చెయ్యి మార్చి కుడిది. తర్వాత ఎడమ అరచేతిలో కాసిని పోసుకుని పుక్కిలించాలి. చివర గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు జారి కాడ కూడా కడిగినట్టవుతుంది. అంతా ఒక్క గరిటెతోనే. మొదటి చేతికే ఒంపేస్తే చివరికి చాలవు. గరిటెకు నోరు తగిలించొద్దు, ఎంగిలవుతుంది. తీర్థమనుకుని మింగొద్దు. గరిటెలు లేకుంటే పారే నీళ్లతోనే కడుక్కోండి.

మందిరం ముందు చెప్పులు విప్పక్కర్లేదు, కొబ్బరికాయ కొట్టరు. పెట్టెలో నాణెం వేయండి. చాలామంది 5 యెన్లు వేస్తారు. దాన్ని పలికే ‘గోయెన్’ అన్న మాటకు బంధమనే అర్థం కూడా ఉంది. నడుం వంచి రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు, మనసులో మొక్కు, చివరికి ఇంకో నమస్కారం. పశ్చిమ జపాన్‌లోని ఇజుమో ఆలయంలోనైతే నాలుగు చప్పట్లు. తాయెత్తు కొంటే విప్పి చూడొద్దు. ఏడాది తర్వాత దాన్ని ఆలయానికే తిరిగి ఇస్తారు.