కొడుకు లాంటి కూతురికి సొంత ఖర్చు ఉండకూడదా?

ప్రశ్న (పొడుగు ఉత్తరాన్ని కుదించాం): నా వయసు 34. బీకాం చదివాను. ఖమ్మంలో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో అకౌంట్స్ చూస్తాను. జీతం 38 వేలు. నాన్న వీలునామా అదీ ఏం రాయకుండానే పోయారు. తమ్ముణ్ని ఎమ్మెస్‌కి పంపడానికి తీసుకున్న లోనుకు నేనే షూరిటీ. వాడిప్పుడు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, ఈమధ్యే కారు కూడా కొన్నాడు. ఈఎమ్ఐ 17 వేలు మాత్రం నా జీతంలోంచే పోతోంది. ఎంబీఏ గానీ సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) గానీ చేస్తే సీనియర్ పోస్టు ఇస్తామన్నారు. కోచింగుతో కలిపి 60 వేల దాకా అవుతుంది. అమ్మేమో ‘ఈ వయసులో నీకు చదువులేంటి, దసరాకి తమ్ముడొస్తున్నాడు, ఆ డబ్బుతో ఇంటికి రంగులు వేయిద్దాం’ అంటోంది. వాడొచ్చినప్పుడు ఇంటి కాగితాల మీద నేనూ ఓ సంతకం పెట్టాలట. ఏ కోర్సు మంచిది? నా కోసం నేను ఇంత ఖర్చు పెట్టుకోవడం స్వార్థమా?

జవాబు: సీఎంఏ చేయండి. డిగ్రీ ఉంది గనక మొదటి మెట్టు ఫౌండేషన్ అక్కర్లేదు, నేరుగా రెండో మెట్టు ఇంటర్‌లో చేరొచ్చు. రెండు గ్రూపులు, ఎనిమిది పేపర్లు. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. ఒక్కో పేపర్లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. ఉద్యోగం చేసుకుంటూ ఒక్కో గ్రూపే రాసేవాళ్లు బోలెడుమంది. కోర్సు సంగతి ఇంతే. దీనికోసం అంత పొడుగు ఉత్తరం అక్కర్లేదని మీకూ తెలుసు.

స్వార్థమా అన్నారు. మీ చదువుకయ్యే మొత్తం ఖర్చు మీ తమ్ముడి నాలుగు నెలల ఈఎమ్ఐ కన్నా తక్కువ. ఏడాదికి 2 లక్షల 4 వేలు వాడి అప్పుకు కట్టేటప్పుడు మీ ఇంట్లో ఎవరికీ గుర్తురాని స్వార్థం మీ 60 వేల దగ్గరే ఎందుకొచ్చింది?

మీ ఉత్తరం నిండా ‘అమ్మ చెప్పింది’ అనే మాటే. తమ్ముడికి అక్కడ అద్దె ఎక్కువని అమ్మ చెప్పింది. హెచ్1బీ లాటరీలో పేరు రాలేదని అమ్మ చెప్పింది. వాణ్ని ఇప్పుడే డబ్బు అడగొద్దని కూడా అమ్మే చెప్పింది. మీరు తమ్ముడికి ఫోన్ చేసి అప్పు సంగతి ఎత్తినట్టు ఒక్క ముక్క లేదు. అందుకే నాకు వాడి మీద పెద్దగా కోపం రావడం లేదు. నోరు తెరిచి అడగని అప్పు ఎవరు మాత్రం తీరుస్తారు? తేల్చుకోవాల్సింది మీకూ అమ్మకూ మధ్య.

చుట్టాల ముందు ‘నా పెద్దకొడుకు ఇదే’ అని అమ్మ అంటుంటే గర్వంగా ఉంటుందని రాశారు. ఉంటుంది మరి. కానీ ఈఎమ్ఐ కట్టేటప్పుడు మీరు కొడుకు, ఇంటి కాగితాల దగ్గరికొచ్చేసరికి ఆడపిల్ల. సంబంధాలు వచ్చినప్పుడల్లా ‘తమ్ముడు సెటిలయ్యాక చూద్దాం’ అన్నదీ అమ్మే కదా. ఆవిడ చెడ్డదని అనడం లేదు. భర్త పోయాక మీ మీద ఆనుకుంది, ఆ ఆసరా ఎక్కడ జారిపోతుందోనని భయం. ఆ భయానికి మీ చదువు అడ్డు కాదని చెప్పాల్సింది మీరే, చేతులు కట్టుకుని కూర్చుంటే చెప్పినట్టు కాదు.

అమ్మను చూసుకోవడం మీ బాధ్యత, అందులో నాకు రెండో మాట లేదు. ఆవిడ మందులు, ఇంటి సరుకులు చూస్తూనే ఉండండి. ఉద్యోగం చేసుకుంటున్న తమ్ముడి అప్పు మాత్రం ఆ లెక్కలోకి రాదు. మీరు కట్టే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా రాదు. అది సొంత చదువుకో, భర్త, పిల్లల చదువుకో అయితేనే. అకౌంట్స్ చూసే మీకు నేను చెప్పాలా?

ఆ సంతకం ఇప్పుడు పెట్టకండి. నాన్న సంపాదించిన ఇంట్లో, వీలునామా లేనప్పుడు, అమ్మకూ మీకూ తమ్ముడికీ సమాన వాటా. ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. ఉమ్మడి ఆస్తిలో కూడా 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు వాటా ఇచ్చింది, దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. వదులుకోవాలనిపిస్తే తర్వాత వదులుకోండి, ఎవరూ కాదనరు. పండగ హడావుడిలో, పిండివంటల మధ్య మాత్రం వద్దు. ఓ లాయరుకు ఆ కాగితాలు చూపించాకే పెన్ను పట్టుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేయండి, అక్కడ శనివారం రాత్రి అవుతుంది, తీరిగ్గా ఉంటాడు. అమ్మ పక్కన లేకుండా చూసుకోండి. ముందే లోన్ స్టేట్‌మెంట్ వాట్సాప్‌లో పెట్టి, మూడు నెలల్లో ఈఎమ్ఐ వాడి ఖాతా నుంచి వెళ్లేలా మార్చుకోమనండి. కోపంలో మీరు హఠాత్తుగా కట్టడం మానేశారో, షూరిటీ మీరే కాబట్టి వాడితో పాటు మీ సిబిల్ స్కోరూ పోతుంది, బ్యాంకు వాళ్లు వచ్చేదీ మీ గుమ్మంలోకే.

అమ్మ రెండు రోజులు అన్నం మానేయొచ్చు. పెద్దమ్మలూ పిన్నులూ ఫోన్లు చేసి ‘తమ్ముడి దగ్గర లెక్కలా?’ అంటారు. అననివ్వండి. వాళ్లెవరూ మీ ఈఎమ్ఐ కట్టడం లేదు కదా.

డిసెంబర్ పరీక్ష రాయాలంటే జులై 31 లోపు సీఎంఏ ఇంటర్‌కి రిజిస్టర్ కావాలి. ఫీజు కట్టేయండి, కట్టాక అమ్మకు చెప్పండి.